వెనక గుమ్మం దగ్గర రికార్డర్: ప్రాజెక్టు డైరీ, మొదటి తొమ్మిది వారాలు

వారం 1

అనుకున్న పని ఇది. సిటీలో తిండి పనులు చేసే పదిమందితో మాట్లాడి, రికార్డు చేసి, ఒక్కొక్కరి మాటల్ని ఇరవై నిమిషాల ఆడియోగా తయారు చెయ్యాలి. ఒక్క రూలు పెట్టుకున్నా: ఓనర్లు వద్దు, పేరున్న షెఫ్‌లు వద్దు. వాళ్లని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 1948లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో అలన్ నెవిన్స్ మౌఖిక చరిత్ర (మనుషుల అనుభవాల్ని వాళ్ల నోటితోనే చెప్పించి రికార్డు చెయ్యడం) పనిని ఒక పద్ధతిగా మొదలుపెట్టినప్పుడు కూడా మొదట్లో ఎక్కువగా పెద్దపెద్దవాళ్లనే కూర్చోబెట్టి మాట్లాడించారు. అంట్లు తోమేవాళ్ల దాకా మైకు రావడానికి ఎప్పుడూ ఆలస్యమే.

సామాను: చేతిలో పట్టే చిన్న రికార్డర్, చొక్కాకి పెట్టే కాలర్ మైకు, దానికి గాలి చప్పుడు తగలకుండా బొచ్చు తొడుగు, రెండో కాపీ కోసం ఫోన్. ప్రశ్నలు 31 రాసుకున్నా. ఇప్పుడు ఆ కాగితం చూస్తే నవ్వొస్తోంది.

మొదటి ప్రయత్నం ఒక హోటల్ ముందు గుమ్మంలోంచి. మేనేజర్‌ని అడిగితే మర్యాదగానే ఒప్పుకున్నాడు, తనే ఒక సప్లయర్‌ని పిలిచి నా ఎదురుగా కూర్చోబెట్టి, పక్కనే కుర్చీ లాక్కుని తనూ కూర్చున్నాడు. 38 నిమిషాలు రికార్డయింది. ఆ కుర్రాడు ప్రతి జవాబుకీ ముందు పక్కకి చూసి, తర్వాత నా వైపు చూసి, "మా దగ్గర అందరం ఒక ఫ్యామిలీలా ఉంటాం సార్" అన్నాడు. మూడుసార్లు అన్నాడు, లెక్కపెట్టా. ఆ ఫైల్ తీసేశా.

రెండో ప్రయత్నం వెనక గుమ్మం నుంచి, మధ్యాహ్నం పన్నెండున్నరకి. ఇంతకంటే తెలివితక్కువ పని ఉండదు. చేతిలో పెద్ద డేగిసా పట్టుకుని ఒకాయన "జరగండి, జరగండి, వెనక వేడి!" అని అరుస్తుంటే గోడకి అంటుకుపోయి నిలబడి, అలాగే బయటికొచ్చేశా.

వారం 2

సరే, రష్ లేని టైములో వెళ్దామని మూడున్నరకి వెళ్లా. చాలా హోటళ్లలో మధ్యాహ్నం భోజనాలకీ సాయంత్రానికీ మధ్య ఆ రెండు గంటలు ఖాళీ అని అందరూ చెప్పారు. నిజంగానే ఖాళీ. పొయ్యిలు ఆరి ఉన్నాయి, స్టోర్ రూములో అట్టపెట్టెలు పరుచుకుని ఐదుగురు పడుకుని ఉన్నారు. ఒకాయన గుండెల మీద ఫోన్ పాట పాడుతూనే ఉంది, ఆయన మాత్రం నిద్రలో ఉన్నాడు.

గుమ్మంలో నిలబడి ఆలోచించా. పొద్దున ఎనిమిదికి వచ్చినవాళ్లు రాత్రి పన్నెండుకి గానీ వెళ్లరు. రోజంతటిలో వాళ్లకి ఉన్నది ఈ రెండు గంటలే, నేను అడగబోయేది సరిగ్గా అవే. "మీ కథ వినడానికొచ్చా" అని లేపితే లేస్తారు, పెద్దమనిషిలా కనపడితే కాదనరు కూడా. అదే ఇబ్బంది. లేపకుండా వచ్చేశా.

ఆ రాత్రి ప్లాన్ మొత్తం మార్చా. కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చెయ్యడం మానేశా. చేతులు ఆడుతూ నోరు ఖాళీగా ఉండే పని ఏదుందో చూసుకుని అక్కడికే వెళ్లాలి: పొట్టు తియ్యడం, గిన్నెలు తుడవడం, మూటలు విప్పడం, డ్యూటీ దిగి బస్టాపు దాకా నడవడం. ఒక్క విడతలో పదిహేను నిమిషాలు దాటకూడదు. 31 ప్రశ్నల్లో ఐదు మిగిలాయి.

డబ్బుల సంగతి మీద మూడు రోజులు బుర్ర పాడైంది. పత్రికలో పనిచేసే మిత్రుడు ఇవ్వొద్దన్నాడు, ఇస్తే నువ్వు వినాలనుకున్నదే చెప్తారని. ఆ మాటలో నిజం ఉంది. కానీ స్టూడియోలో కూర్చుని తిండి గురించి మాట్లాడే నిపుణుడికి ఫీజు ఇస్తారు, ఆయన మాటని ఎవరూ అనుమానించరు కదా. చివరికి ఇలా తేల్చుకున్నా: వాళ్ల గంట కూలి ఎంతో అంత, అదీ మాట మొదలవకముందే చేతిలో పెట్టెయ్యాలి. ఏం చెప్పినా చెప్పకపోయినా ఆ లెక్క మారదు. ఇప్పటిదాకా ఇద్దరు వద్దన్నారు, ఒకతను తీసుకుని వెంటనే అందరికీ టీలు తెప్పించాడు.

వారం 3

ఈ వారమంతా చప్పుడుతో కుస్తీ.

వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోత ఎంత ఉంటుందో మామూలుగా తెలీదు, ఎందుకంటే రెండు నిమిషాల్లో చెవి అలవాటు పడిపోతుంది. మైకు అలవాటు పడదు. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మనిషి గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది. ఎడిటింగులో ఎంత తోమినా లాభం లేదు, గొంతుతో పాటు ఫ్యాన్ మోతా పెరుగుతుంది. దారి ఒకటే, మైకుని దగ్గర పెట్టడం. మైకుకీ నోటికీ దూరం సగమైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, వెనక మోత అలాగే ఉంటుంది. అందుకని కాలర్ మైకుని గడ్డం కింద జానెడు దూరంలో పెడుతున్నా. తల తిప్పితే చొక్కా రాసుకుంటుంది, ఏప్రాన్ తాడు తగులుతుంది, వాటితో పడుతూనే ఉన్నా.

రికార్డర్ సెట్టింగులు ఎవరికైనా పనికొస్తాయేమో: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో (ఒకే చానెల్), వేవ్ (కుదించని) ఫైల్. గంటకి సుమారు 518 మెగాబైట్లు పడుతుంది. రికార్డర్ మీటర్‌లో సున్నా దాటితే ధ్వని పగిలిపోతుంది, కాబట్టి మామూలు మాట మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేట్టు పెట్టుకుంటే సరిపోతుందని చదివా. అది చదువుకునే గదిలో సరిపోతుంది. వంటగదిలో ఎవడో ఒకడు స్టీలు ప్లేట్ల దొంతర ధడేల్‌మని పెడతాడు, అంతే, ఫైలు పగిలిపోతుంది. ఇప్పుడు మైనస్ 18 దగ్గర పెడుతున్నా. 24 బిట్‌లో తర్వాత పెంచుకున్నా పెద్దగా నష్టం లేదు.

ఇప్పుడు నా పరువు పోయిన సంగతి. ఫ్రిజ్ గూఁ అని మోగుతోంది. ఇళ్లల్లో రికార్డు చేసేవాళ్లకి ఒక పాత చిట్కా ఉంది: ఫ్రిజ్ ఆపేసి, మళ్లీ వెయ్యడం మర్చిపోకుండా మన బండి తాళాలు దాంట్లోనే పెట్టుకోవడం. ఆ తెలివి నేను పెద్ద కిచెన్‌లో చూపించబోయా. "మాస్టర్, ఒక్క పది నిమిషాలు ఆ ఫ్రిజ్ ఆపొచ్చా?" అన్నా. ఆయన చేతిలో కత్తి కింద పెట్టి, నన్ను తీసుకెళ్లి తలుపు మీద వేలాడుతున్న కాగితం చూపించాడు. రెండు గంటలకోసారి లోపలి వేడి ఎంతుందో రాసి సంతకం పెట్టే కాగితం అది. "5 డిగ్రీలు దాటకూడదు. దాటితే ఎందుకు దాటిందో నేను రాయాలి. ఏం రాయను, రేడియో ఆయన వచ్చాడని రాయనా?" అన్నాడు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. ఆ రోజు నుంచి ఆ వంటగదిలో నా పేరు రేడియో. నిజం చెప్పాలంటే ఆ పేరు వచ్చాకే నాతో మాట్లాడటం మొదలుపెట్టారు.

ఆ 5 డిగ్రీల సంగతి ఆయన తర్వాత విడిగా చెప్పాడు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో పురుగు (సూక్ష్మక్రిమిని ఆయన అలాగే అంటాడు) పెరుగుతుంది, అనుకూలంగా ఉంటే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, కాబట్టి ఏ వంటకమైనా ఆ మధ్యలో ఉండే టైము తగ్గించడమే వంటగదిలో సగం పని, రుచి మిగతా సగం అని. రుచి గురించి అడుగుదామని వెళ్లిన నాకు థర్మామీటర్ గురించి పదకొండు నిమిషాలు దొరికింది, అవి ఇప్పటిదాకా రికార్డు చేసిన వాటిల్లో మంచివాటిలో ఒకటి.

వారం 4

అంట్లు తోమే అక్కతో మాట. ఈవిడ గురించి కాస్త ఎక్కువ రాస్తా.

సింక్ మూడు తొట్లు. మొదటిదాంట్లో సబ్బు నీళ్లు, రెండోదాంట్లో మంచినీళ్లు, మూడోదాంట్లో క్రిములు చచ్చే మందు కలిపిన నీళ్లు. ఆవిడ రెండో తొట్టి దగ్గర నిలబడుతుంది, నేను నీళ్లు పడని వైపు. నా ఐదు ప్రశ్నల్లో మొదటిది అడిగా: "ఈ పనిలో మీకు నచ్చేది ఏంటక్కా?"

"నచ్చిందని ఎవరన్నారు తమ్ముడూ?"

తర్వాత నీళ్ల చప్పుడే. నాలుగు ప్రశ్నలు మిగిలాయి.

ఏం చెయ్యాలో తోచక ఎదురుగా ఉన్నది అడిగా, ప్లేట్లలో ఏం మిగుల్తుందని. ఆవిడ చేతులు ఆగలేదు కానీ గొంతు మారింది. ఏ రోజు ఏది మిగుల్తుందో, ఏ టేబుల్ వైపు నుంచి వచ్చిన ప్లేట్లు ఎలా ఉంటాయో, పిల్లలున్న ప్లేటు ఎలా తెలుస్తుందో, ఒకటే వంటకం వరసగా ఐదారు ప్లేట్లలో సగం సగం మిగిలి వస్తే ఆ రోజు మాస్టర్ చెయ్యి ఎక్కడ తప్పిందో చెప్పుకుంటూ పోయింది. "ఉప్పు ఎక్కువైతే మెతుకులు తిని కూర వదిలేస్తారు. కారం ఎక్కువైతే నీళ్ల గ్లాసులు ఎక్కువొస్తాయి. చప్పగా ఉంటే ఏం వదలరు, కానీ రెండోసారి ఏదీ అడగరు." కస్టమర్ కంప్లయింట్ చేసేలోపే ఈ సంగతి ఆవిడకి తెలుస్తుంది. మరి మాస్టర్‌కి చెప్తారా అన్నా. "అడిగితే చెప్తా" అంది. అడిగారా అన్నా. నవ్వి తొట్టిలో నీళ్లు వదిలేసింది.

ఇంటికొచ్చి ప్రశ్నల కాగితం చింపేశా. ఇష్టం, కల, స్ఫూర్తి లాంటి మాటలున్న ప్రశ్న ఏదైనా సరే మనకి మనం వినాలనుకుని అడిగేదే. "చేతిలో ఉన్నది ఏంటి, దానికి ముందు ఎవరి చేతిలో ఉంది, ఇక్కణ్నుంచి ఎక్కడికి పోతుంది", ఈ మూడూ చాలు. మూడూ వస్తువు గురించే, మనిషి దాని వెనకే వస్తాడు.

వారం 5

ఆర్డర్లు గట్టిగా చదివే అతను. టికెట్ (ఆర్డర్ చీటీ) మిషన్‌లోంచి రాగానే ఏ పొయ్యికి ఏది పోవాలో అరవడం, తయారైనవి ఒక టేబుల్‌వి ఒకేసారి బయటికి పోయేట్టు చూడటం అతని పని. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎస్కోఫియే అనే ఫ్రెంచ్ వంటాయన పెద్ద వంటగదిని సైన్యంలా భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కొక్కరిని బాధ్యుణ్ని చేసే పద్ధతి స్థిరపరిచాడు. ఆయన అంతకుముందు నిజంగానే సైన్యంలో వండినవాడు. ఆ పద్ధతిలో ఈ ఆర్డర్లు చదివేవాడి పేరు అబ్వాయేర్, ఫ్రెంచ్‌లో మొరిగేవాడని అర్థం. ఈ సంగతి చెప్తే మా వాడు పడీపడీ నవ్వి, వెంటనే లోపలికెళ్లి అందరికీ చెప్పొచ్చాడు. మర్నాటి నుంచి టికెట్ రాగానే లోపల్నుంచి ఎవరో ఒకరు భౌమంటున్నారట. నా వల్ల జరిగిన నష్టం ఇది.

ఇతని రికార్డింగులో పనికొచ్చింది ఆరు నిమిషాలే. మామూలుగా మాట్లాడమంటే గొంతు రాదు, అరవమంటేనే వస్తుంది.

వారం 6

రాత్రి బేకరీ. ఒంటిగంట నుంచి నాలుగు దాకా.

బేకరీ ఆయన లెక్కల మనిషి. పిండి ఎంతైనా సరే దాన్ని 100 అనుకుని నీళ్లు, ఉప్పు, ఈస్ట్ అన్నీ దాని మీద శాతాల్లో చెప్తాడు. ఇక ఆయన అసలు విద్య నీళ్ల వేడి. కలిపిన పిండి ముద్ద ఎన్ని డిగ్రీలుండాలో దాన్ని మూడుతో గుణించాలి, అందులోంచి గది వేడి, పిండి వేడి, మిక్సర్ తిరిగితే పుట్టే వేడి తీసెయ్యాలి, మిగిలింది నీళ్ల వేడి. ఆ రాత్రి ముద్ద 25 ఉండాలి, అంటే 75. గది 30, పిండి 28, మిక్సర్‌కి 12 వేసుకున్నాడు. నీళ్లు 5 డిగ్రీలు. బకెట్లో ఐసు గడ్డలు కుమ్మరించాడు. ఈ లెక్క ఆయన గోడ మీద సుద్దముక్కతో వేస్తుంటే ఆ గీత చప్పుడు కూడా మైకులో చక్కగా పడింది.

ఇరవై రెండేళ్లుగా రాత్రి పనే. పగలు పడుకుంటే నిద్ర పడుతుందా అని అడిగా (చూశారా, మళ్లీ నిద్ర దగ్గరికే వచ్చా). కిటికీకి నల్ల గుడ్డ కట్టుకున్నాననీ, పక్కింటి వాళ్ల పెళ్లిళ్లు తనకి శత్రువులనీ చెప్పాడు. కూతురికి చిన్నప్పుడు నాన్న అంటే పడుకుని ఉండే మనిషి అని మాత్రమే తెలుసట. స్కూల్లో ఇంటి బొమ్మ గియ్యమంటే ఆయన్ని అడ్డంగా గీసింది. ఇది చెప్పి, పిండి ముద్దలో థర్మామీటర్ గుచ్చి, "25 వచ్చింది" అన్నాడు. నేను ఏం అడగలేదు.

ఇంత మంచి రికార్డింగు దాదాపు పోయింది. చివర్లో బ్యాటరీ చచ్చిపోయింది, ఫైలు మూసుకోలేదు, కంప్యూటర్లో తెరిస్తే సున్నా సెకన్లు అని చూపిస్తోంది. చెమటలు పట్టాయి. తర్వాత తెలిసింది, వేవ్ ఫైలు మొదట్లో దాని పొడవెంతో రాసి ఉంటుంది, రికార్డింగు ఆపినప్పుడే అది పడుతుంది, పడకపోయినా లోపల ధ్వని ఉంటుంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగు సాఫ్ట్‌వేర్‌లో ఇంపోర్ట్ కింద రా డేటా అని ఉంటుంది, దాంట్లో 24 బిట్, మోనో, 48000 అని మనమే చెప్పి తెరిస్తే మొత్తం వచ్చింది. మొదట్లో ఒక చిన్న టప్ అనే చప్పుడు తప్ప అంతా శుభ్రం. ఇప్పుడు కొత్త బ్యాటరీ వెయ్యకుండా ఇంట్లోంచి కదలట్లేదు.

వారం 7

డెలివరీ కుర్రాడు. మాట్లాడాడు, రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి తీసెయ్యమన్నాడు. మూడు కాపీలూ తీసేశా, తీసేసినట్టు స్క్రీన్ చూపిస్తూ వీడియో పంపా. ఏం చెప్పాడో ఇక్కడా రాయను.

నా తప్పు ఒకటి ఉంది. మొదట గొంతు మార్చి పెడతానని ధైర్యం చెప్పా. తర్వాత నేనే ప్రయత్నించి చూస్తే, గొంతు స్థాయిని కిందికో పైకో జరిపినంత మాత్రాన దాచినట్టు కాదు, అదే మీట వెనక్కి తిప్పితే మనిషి బయటికొచ్చేస్తాడు. మాట తీరు, ఊతపదాలు ఎలాగూ అవే. నిజంగా దాచాలంటే మాటల్ని వేరే మనిషితో చదివించాలి. ఇది ముందు తెలుసుకుని తర్వాత మాటివ్వాల్సింది.

ఒప్పంద కాగితం మళ్లీ రాశా. ఇంతకుముందు ఒకటిన్నర పేజీ ఉండేది, ఇప్పుడు నాలుగు వాక్యాలు, సంతకానికి ముందు నేనే పైకి చదువుతున్నా: ఆడియో బయటికి వెళ్లేలోపు ఎప్పుడు వద్దన్నా తీసేస్తా, ఎందుకని అడగను, ఇచ్చిన డబ్బు వెనక్కి అడగను, బయటపెట్టే ముందు మీకు వినిపిస్తా.

వారం 8

మాటల్ని కాగితం మీద పెట్టే పని. గంట ఆడియోకి నాకు ఆరు గంటలు పడుతోంది. 2022లో ఓపెన్ఏఐ అనే కంపెనీ వాళ్లు, మాటలు విని తనే రాసిపెట్టే విస్పర్ అనే మోడల్‌ని అందరికీ వదిలారు కదా, తెలుగు కూడా వచ్చు దానికి, సరే సగం పని తగ్గుతుందని వేసి చూశా. గదిలో ప్రశాంతంగా మాట్లాడింది ఫర్వాలేదు. వంటగదిది మాత్రం ఘోరం. తప్పులు రావడం వేరు, దిద్దుకోవచ్చు. ఇది ఎవరూ మాట్లాడని చోట, ఉత్త ఫ్యాన్ మోత మాత్రమే ఉన్న చోట, చక్కని వాక్యం రాసి పెట్టింది. అక్క గొంతు కింద అక్క అనని మాట. హెడ్‌ఫోన్ లేకుండా ఉత్త కాగితం చదివి ఉంటే నమ్మేసేవాణ్నే, అంత బాగుంది వాక్యం. చేత్తోనే రాస్తున్నా.

వారం 9

వినిపించడం మొదలుపెట్టా. బేకరీ ఆయన మొత్తం విని, మిక్సర్ వేడి 12 కాదు 13 అని చెప్పాల్సిందన్నాడు, అంతే.

అక్క ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింది, రెండో చెవి సింక్ వైపే ఉంది. ప్లేట్ల సంగతి దగ్గర ఆపమంది. తీసెయ్యమంటుందనుకున్నా, అదే అందులో ప్రాణం, నా గుండె జారింది. తీసెయ్యక్కర్లేదు కానీ బయటివాళ్లకంటే ముందు మాస్టర్ వినాలంది. "నేను చాటుగా అన్నట్టుండకూడదు."

వినిపించా. మాస్టర్ ఉప్పు దగ్గర కనుబొమ్మలు ఎగరేశాడు, నీళ్ల గ్లాసుల దగ్గర నవ్వాడు, అయ్యాక ఇయర్‌ఫోన్ తీసి సింక్ దగ్గరికి వెళ్లి, "రాత్రి పదకొండు తర్వాత వచ్చే ప్లేట్లు లెక్కలోకి రావు, అప్పుడు తాగి వస్తారు, అన్నీ వదిలేస్తారు" అన్నాడు. ఆవిడ, పదకొండు తర్వాతవి తను ఎప్పుడూ లెక్కపెట్టలేదనీ, మొన్న మంగళవారం మధ్యాహ్నంవి చెప్పమంటే చెప్తాననీ అంది. చెప్పమన్నాడు. చెప్పింది. ఆయన కొత్తగా వచ్చిన కుర్రాడి పేరెత్తాడు, ఆవిడ కాదంది, మంగళవారం కుర్రాడు లీవులో ఉన్నాడంది. అలా తొమ్మిది నిమిషాలు. మైకు అక్క చున్నీకే ఉంది, రికార్డర్ ఆన్‌లోనే ఉంది, నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. మధ్యలో ఇద్దరూ అడిగారు కూడా, ఇది పడుతోందా అని. పడుతోందన్నా. పడనియ్ అన్నాడు మాస్టర్.

ప్రస్తుతం లెక్క: తీసేసింది పోగా నాలుగు పూర్తయ్యాయి, ఆ తొమ్మిది నిమిషాలు ఐదోది. కూరగాయల మార్కెట్లో మూటలు దించేవాళ్లతో రేపు తెల్లవారుజామున మూడున్నరకి. మైకు బొచ్చు తొడుగు ఉతికి ఆరేశా, ఇంకా తడిగానే ఉంది.